డ్రైవర్ల గది పచ్చిపులుసు

ఎల్‌బీ నగర్‌లో విజయవాడ వైపు బస్సులు ఆగే చోట, పెంటమ్మ టీ బండి పక్కన ఒక పాత మైలురాయి ఉంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని పీకి అవతల పారేస్తే, పెంటమ్మ నలుగురిని బతిమాలి దొర్లించుకొచ్చి, రెండు సిమెంటు ఇటుకల మీద అడ్డంగా పడుకోబెట్టించింది. దాని మీది అంకెలు సగం చెరిగిపోయాయి. ఏ ఊరు ఎంత దూరమో ఇప్పుడది చెప్పదు. కూర్చోవడానికి మాత్రం ఒకరికి సరిపోతుంది.

రోజూ పొద్దున ఏడింటికల్లా ఆ రాయి మీద జానయ్య ఉంటాడు. ఇరవై రెండేళ్లు హైదరాబాదుకీ విజయవాడకీ మధ్య ప్రైవేటు బస్సు నడిపి, చూపు మందగించి రెండేళ్ల క్రితం స్టీరింగు వదిలిన మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, మూడో స్టేషన్లో దిగి, డ్యూటీకి వచ్చినట్టే వస్తాడు. తెల్లచొక్కా, జేబులో పెన్ను, చంకలో రెగ్జిన్ సంచి. ఏం డ్యూటీ అంటే, పోయే వచ్చే వాళ్లకి దారిలో ఎక్కడ తినాలో చెప్పడం. ఎవరూ అప్పజెప్పలేదు, తనే నెత్తికెత్తుకున్నాడు.

"బాబాయ్ గారూ, మేం భీమవరం వెళ్లాలండి. పిల్లలు ఆకలంటున్నారు. దారిలో టిఫిను ఎక్కడ బావుంటుందండి?" అని ఒకాయన కారు పక్కకి తీసి మరీ అడుగుతాడు.

"చౌటుప్పల్ దాటినంక ఎడమ దిక్కు టైర్ల దుకాణం ఉంటది. దాని పక్కపొంటి చిన్న హోటలు. బోర్డు గీర్డు ఏం లేదు. ఓసారి వానల నా బండి ఖరాబైతే ఆడ కూసొని పెసరట్టు తిన్న. అల్లం చట్నీ రోట్ల నూరింది..." అని జానయ్య అందుకుంటాడు.

చట్నీ దాకా వచ్చేసరికి ఆ భీమవరం ఆయన భార్య నాలుక చప్పరిస్తుంది. వెనక సీట్లో పిల్ల "అమ్మా, కారం!" అని నీళ్ల సీసా అందుకుంటుంది. ఆయన జానయ్యకి దణ్ణం పెట్టి, టైర్ల దుకాణం ఎన్నో కిలోమీటరు దగ్గరో ఇంకోసారి అడిగి కారెక్కుతాడు.

ఆ రాయి సంగతి అంతే. దాని మీద కూర్చుని, తాను తిన్న తిండి గురించి ఎవరు చెప్పినా, వినేవాళ్ల నోట్లోకి ఆ రుచి వచ్చేస్తుంది. నోరే నిండుతుంది, కడుపు నిండదు. తినకుండా చెబితే రాదు. తిన్నా, తినేటప్పుడు ధ్యాస ఇంకెక్కడో ఉంటే రాదు. నాలుక పట్టించుకున్నదే రాయి ఇస్తుంది. ఒకసారి ఎవరో కొత్త హోటలు వాళ్ల మనిషి వచ్చి కూర్చుని, తమ బిర్యానీ గురించి అరగంట ఊదరగొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లకి ఉమ్మి తప్ప ఏమీ రాలేదు. పెంటమ్మ గ్లాసు కడిగిన నీళ్లు అతని బూట్ల పక్కన పోసి, లెమ్మంది. దీన్ని వింతని ఎవరూ అనుకోరు. ఫోన్లలో హోటళ్లకిచ్చిన నక్షత్రాలు లెక్కబెట్టి మోసపోయిన వాళ్లందరూ బస్సెక్కే ముందు ఇక్కడ ఓ నిమిషం నిలబడిపోతారు. పెంటమ్మకి కావలసింది కూడా అదే. నిలబడ్డ వాళ్లు చాయ్ తాగుతారు కదా.

జానయ్య తరచుగా చెప్పేది నీలిరేకుల హోటలు గురించి. నకిరేకల్ దాటాక కుడివైపు నీలం రేకుల కప్పుతో పెద్ద షెడ్డులా ఉంటుంది. ఇరవై రెండేళ్లు పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి తన బస్సు అక్కడే ఆపాడు.

"మటన్ ముక్క ఏలుతోని ముట్టుకుంటే బొక్కని ఇడిసి ఒస్తది. పప్పుల నెయ్యి ఏడేస్తరో కనవడది గని ముద్ద జారుతది" అని అతను కళ్లు మూసుకుని చెబుతుంటే, బస్సు కోసం నిలబడ్డ పదిమందీ గుటకలు మింగేవారు. తర్వాత బస్సెక్కి, నీలిరేకుల దగ్గర ఆగితే బాగుండునని నకిరేకల్ దాకా కిటికీలోంచి చూస్తూ పోయేవారు.

ఒక శనివారం సాధన వచ్చి అతని ముందు నిలబడింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే పిల్ల. వారం వారం కోదాడలో వాళ్లమ్మ దగ్గరికి పోతుంది, ఆదివారం చర్చి చూసుకుని వస్తుంది.

"అంకుల్, మీరు చెప్పిన్రని నీలిరేకుల హోటల్ల మూడుసార్లు తిన్న. ఈడ మీరు చెప్తుంటే నోట్ల మటనే. ఆడ ప్లేటు చూస్తే పప్పు అన్నపేరుకు నీళ్లు. మటన్ల ముక్క కోసం దేవులాడాల్సొచ్చింది."

"నీ నోరు మంచిగ లేదేమో బిడ్డా. జరం గిట్ల ఒచ్చిందా?"

"మూడుసార్లకు మూడు జరాలొస్తయా? అసలు మీరు ఏడ కూసొని తిన్నరంకుల్?"

"ఏడ కూసుంటం? మా రూముల. డ్రైవర్లకు ఎనకాల రూముంటది."

"ఆ రూముల ఒండేది వేరే, మా హాల్ల ఒండేది వేరే గదా!"

పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వాల్సిన మాటే. నలభైమంది ఉన్న బస్సుని తన గుమ్మం ముందు ఆపేది డ్రైవరు. అందుకని హైవే మీద ప్రతి హోటలు వాడూ డ్రైవరుని వెనక గదిలో కూర్చోబెట్టి, వేరే గిన్నెలో వండింది వేసి, బిల్లు లేకుండా పంపిస్తాడు. ఆ నలభైమందికీ ముందు హాల్లో ఏది పెట్టినా చెల్లుతుంది. రోడ్డు మీద బతికే వాళ్లందరికీ తెలిసిన విషయం ఇది. జానయ్యకి తెలియదా అంటే, గది వేరని తెలుసు. గిన్నె వేరని ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా అనుకోలేదు. అనుకోవలసిన అవసరం అతనికి పడలేదు మరి. రాయి అబద్ధం చెప్పదు గానీ, ఏ గదిలో తిన్నావని అది కూడా అడగదు.

"పొయ్యి ఒక్కటే ఉంటది బిడ్డా, నీకు తెల్వదు" అని జానయ్య మొహం తిప్పుకున్నాడు. మర్నాడు మళ్లీ నీలిరేకుల హోటలు గురించే చెప్పాడు. తప్పుదారిలో రెండు కిలోమీటర్లు పోయాక కూడా ప్రయాణికుల ముందు రివర్సు తీయడానికి నామోషీ పడే జాతి అది.

జానయ్య భార్య యాదలక్ష్మి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఆమెకో మెస్ ఉంది. ముందు గదిలో ఆరు బల్లలు, వెనక గదిలో కాపురం. జానయ్య బస్సెక్కిన ఏడాదే, నల్గొండ పల్లెల నుంచి ఉద్యోగాల పరీక్షలకి చదువుకోవడానికి వచ్చే పిల్లల కోసం మొదలుపెట్టింది. ఒకప్పుడు పూటకి అరవైమంది తినేవారు, బల్లల దగ్గర చోటు లేక మెట్ల మీద కూర్చునేవారు.

పొద్దున్నే బస్సు తీసుకుపోయిన జానయ్య మరునాడు మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చేవాడు. యాదలక్ష్మి అప్పుడే పిల్లల ఎంగిలి ప్లేట్లు తీసి, అతని కోసం పక్కన పెట్టిన గిన్నెల మూతలు తీసేది.

"తిన్నవా?"

"తిన్న."

అంతే. ఆమె మళ్లీ మూతలు పెట్టేది. అతను ఫ్రిజ్జులోంచి సీసా తీసి గటగటా నీళ్లు తాగి, చొక్కా వంటింటి మేకుకి తగిలించి పడుకునేవాడు. పండగలొస్తే బస్సులకి గిరాకీ ఎక్కువ, అతను రోడ్డు మీదే ఉండేవాడు. సెలవు రోజున తోటి డ్రైవర్లు ఎక్కడికో పిలిచేవారు. స్టీరింగు వదిలాక ఈ రెండేళ్లూ ఇంట్లోనే తింటున్నాడు కదా అంటే, చెంబుకి ఫోను ఆనించి పెట్టి, ఎవడో రోడ్ల వెంట బండి నడుపుతూ తీసిన వీడియోలు చూస్తూ, ఏం వడ్డించినా అందులో డబ్బా ఆవకాయ కలుపుకుని మింగేవాడు. ఏం కూర తిన్నావని చెయ్యి కడుక్కునేటప్పుడు అడిగినా చెప్పలేడు.

ఈమధ్య హాస్టళ్లే తిండి కూడా పెడుతున్నాయి. మిగిలిన పిల్లలు ఫోన్లో తెప్పించుకుంటున్నారు. అరవైమంది ఇరవై అయ్యారు, ఇరవై పదకొండయ్యారు. పన్నెండింటికి వండి, మూడింటి దాకా గుమ్మంలో కూర్చుని సందు మొగలోకి చూడడం యాదలక్ష్మికి అలవాటైపోయింది.

ఒకరోజు అన్నం పెడుతూ అడిగింది. "ఇగో, ఊరోళ్లందరికి హోటళ్లు చెప్తవు గదా. మన మెస్ గురించి చెప్పరాదు. ఆ బస్సులల్ల దిగే పిల్లలు సగం మంది గీ దిల్‌సుఖ్‌నగర్‌కే ఒస్తరాయె."

జానయ్య ఫోను మీది నుంచి కళ్లు తీయలేదు. "ఇంటి సంగతి బజార్ల చెప్పుకుంటే నవ్వరా?"

"గా నీలిరేకులోడు నీకేమైతడు? మేనబావనా?"

"చెప్తలే. జర ఆగు."

ఆగమంటే ఆగడం ఆమెకి కొత్త కాదు. రెండు నెలలు ఆగింది. పదకొండుమంది నలుగురయ్యారు. ఒక శనివారం ఆ నలుగురికీ వడ్డించి, చెయ్యి కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని మెట్రో ఎక్కింది. మొగుడు ఇరవై రెండేళ్లు బస్సెక్కిన చోటుని ఆమె చూడడం అదే మొదటిసారి.

టీ బండి దగ్గర ఏడెనిమిదిమంది ఉన్నారు. కోదాడ పోవడానికి సాధన ఉంది. మహేందర్ ఉన్నాడు, జానయ్య నడిపిన బస్సుని ఇప్పుడు నడుపుతున్నది అతనే. విజయవాడ నుంచి తెచ్చిన బండి పక్కనే ఆపి చాయ్ తాగుతున్నాడు.

"ఇంత దూరమొస్తివి, ఏమైంది?" అన్నాడు జానయ్య.

"ఏం కాలే. నువ్వు చెప్తనంటివి గదా. ఇయ్యాల చెప్పు, నేను గూడ వింట."

పెంటమ్మ స్టవ్వు మంట తగ్గించింది. సాధన ముందుకొచ్చి, "చెప్పుండ్రి అంకుల్, మా హాస్టల్ తిండి తినలేక సచ్చిపోతున్న. ఆంటీ మెస్ మా సందుకు దగ్గర్నే" అంది. ఆమె నిజంగా ఆశతోనే అడిగింది.

జానయ్య గొంతు సవరించుకున్నాడు. "మా ఆమె వంట... మంచిగుంటది. పప్పు మంచిగ చేస్తది. కూరలు మంచిగుంటయ్. అన్నం గూడ పొడిపొడిగ..." అని ఆగాడు. ఏదో ఒక కూర పేరు పట్టుకుందామని వెతికాడు. టమాటనా, బీరకాయనా? తన వంటింట్లో ఏ రోజు ఏముంటుందో అతనికి తెలియదు. "మంచిగుంటది" అని ఇంకోసారి అన్నాడు.

వింటున్న వాళ్లు నోట్లో నాలుకలు కదిపి చూసుకుని, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. యాదలక్ష్మి అందరి మొహాలూ చూసింది.

"ఏమొచ్చింది బిడ్డా?" అని సాధనని అడిగింది.

సాధనకి అబద్ధం చెప్పడం చేతకాదు. "నీళ్లు ఆంటీ" అంది మెల్లగా. "సల్లటి నీళ్లు. ఫ్రిజ్జు నీళ్ల లెక్క. ఆఖర్ల జరంత ఆవకాయ ఒచ్చింది."

"అది గూడ నాది గాదు. దుకాణంల కొన్న డబ్బా."

రింగురోడ్డు మీద బాటసింగారం పోయే లారీ ఒకటి పొడుగ్గా హారను కొట్టుకుంటూ పోయింది. జానయ్య లేచాడు. "మహేందరూ, నీ ఎనక టైరు గాలి తక్కువున్నట్టుంది, సూస్త" అని బస్సు వెనక్కి పోయాడు. టైర్లో గాలి సరిగ్గానే ఉంది. బస్సు వెనకనుంచి అలాగే నడుచుకుంటూ మెట్రో మెట్ల దాకా పోయి, అక్కడ అరగంట నిలబడ్డాడు. ఆ అరగంట కూడా అక్కడ ఉండి ఉంటే తర్వాతి కథ ఇంకోలా నడిచేదేమో. ఉండవలసిన చోట ఉండకపోవడం అతనికి బాగా అలవాటు.

"కూసో వదినా, చాయ్ తాగు" అని పెంటమ్మ ఆమెని రాయి మీద కూర్చోబెట్టింది.

యాదలక్ష్మి గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత ఎవరూ అడక్కుండానే మాట్లాడింది.

"నాకు గొప్పలు చెప్పుకునుడు రాదు. ఈన హోటళ్లల్ల తిన్నడు, నేను ఏ హోటలు తొక్కలే. నేను ఒండిందే నేను తింట. పిల్లలందరు తిన్నంక, మూడున్నరకు పొయ్యికాడ కూసుంట. గప్పటికి కూరలుండయ్. చింతపండు పిసికి పచ్చిపులుసు చేసుకుంట. పచ్చిమిరపకాయలు పొయ్యి మీద కాలుస్త. ఉల్లిగడ్డ, మిరపకాయ చేత్తోనే పిసుకుత. నువ్వులు ఏంచి దంచి ఏస్త. బెల్లం గింతంత. మా అమ్మ గట్లనే చేసేది. వేడన్నంల పోసుకొని..."

ఆమె అక్కడ ఆపింది. మహేందర్ చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది. సాధన కళ్లు మూసుకుంది. ముందు పులుపు తగిలింది అందరికీ, దాని వెనక కాలిన మిరపకాయ పొగ. పులుసు గొంతు దిగిపోయాక, అంతా అయిపోయిందనుకున్నప్పుడు నువ్వుల కమ్మదనం, అట్టడుగున బెల్లం. బస్సులో కూర్చున్న వాళ్లు కూడా కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు. పెంటమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "మిరపకాయ ఘాటు" అంది. బస్సు ఆరోజు పది నిమిషాలు ఆలస్యంగా కదిలింది, ఒక్కరు కూడా తొందర పెట్టలేదు.

జానయ్య తిరిగి వచ్చేసరికి యాదలక్ష్మి వెళ్లిపోయింది. "ఏడ దొరికిందన్నా నీకు మా వదిన!" అంది పెంటమ్మ. వెక్కిరిస్తోందనుకుని జానయ్య సంచి చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

నీలిరేకుల హోటలులో అప్పటికి ఒక ఇబ్బంది నడుస్తోంది. డ్రైవర్ల గదిలో వండే ముసలాయన కాళ్లనొప్పులతో మానేశాడు. కొత్తవాడి చేతిలో ఉప్పు నిలకడ లేదు. డ్రైవర్లు ఒక్కొక్కరే బస్సులు రెండు కిలోమీటర్ల అవతల ఇంకో హోటలు ముందు ఆపడం మొదలుపెట్టారు. డ్రైవరు పోతే హాలు మొత్తం ఖాళీ. ఆ సాయంత్రమే మహేందర్ హోటలు యజమానితో ఫోన్లో ఒక మాటన్నాడు. వారం తిరగకుండా యజమాని మనిషి దిల్‌సుఖ్‌నగర్ సందులో చిరునామా అడుగుతూ వచ్చి, డ్రైవర్ల గదిలో వంటకి రమ్మన్నాడు.

యాదలక్ష్మి ఎక్కువ ఆలోచించలేదు. మెస్సులో మిగిలిన నలుగురు పిల్లలనీ పక్క సందులో అరుణమ్మ మెస్సుకి అప్పజెప్పింది. మర్నాడు పొద్దున సంచిలో నాలుగు చీరలు పెట్టుకుంటుంటే జానయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"రోజు పోయొస్తవా?"

"గంత దూరం రోజెట్ల పోయొస్త? ఆడ్నే రూమిస్తరంట."

"మరి నా తిండి?"

యాదలక్ష్మి చీర మడత పెడుతూ తలెత్తి అతన్ని చూసింది. ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసింది.

"నువ్వు తినే ఒస్తవు గదా" అంది.

"నీకు కోపమొచ్చింది."

"కోపమేం లేదు. ఇరవై రెండేండ్లు నీకు గిన్నె పక్కకు పెట్టిన. ఏ పూటన్నా, ఒక్క ముద్దన్నా నీ నోట్ల ఉండి ఉంటదనుకున్న. నీళ్లున్నయ్. రాయి చెప్పింది, నేను విన్న." సంచి భుజానికి తగిలించుకుని షట్టరు సగం దించింది. "తాళం చెవి మేకుకున్నది. ఫ్రిజ్జుల నీళ్లు నింపిపెట్టిన."

ఆమె పోయాక జానయ్య బండి మీద ఇడ్లీలు తిన్నాడు. వారంలో వస్తుందనుకున్నాడు. వారం అయ్యాక నెలలో వస్తుందనుకున్నాడు. యాదలక్ష్మి నెలకోసారి వచ్చి ఇల్లు ఊడ్చి, అతని బట్టలు ఉతికి, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయేది. పొయ్యి వెలిగించేది కాదు. అతను అడగలేదు కూడా. ఏం వండమని అడగాలో తెలిస్తే కదా.

ఒక మధ్యాహ్నం మూడింటికి మహేందర్ విజయవాడ నుంచి బస్సు తెచ్చి ఆపి, ఒళ్లు విరుచుకుంటూ టీ బండి దగ్గరికి వచ్చాడు. "కాక, జర జరుగు, నడుము పోతున్నది" అని జానయ్యని లేపి రాయి మీద చతికిలబడ్డాడు. ఖమ్మం పోయే ఇద్దరు మొగుడూ పెళ్లాలు దారిలో ఎక్కడ తింటే బాగుంటుందని అడిగారు. అడిగింది జానయ్యనే, చెప్పింది మహేందర్.

"నీలిరేకుల హోటలే. ఇగో గిప్పుడే తినొస్తున్న. ఏం పచ్చిపులుసు అన్నా అది! కాల్చిన మిరపకాయ, నువ్వుల పొడి. రెండుసార్లు మారు పోయించుకున్న. మూడోసారి సిగ్గయింది." జానయ్య వైపు తిరిగి నవ్వాడు. "నీకు చెప్పేదేముంది కాక, నువ్వు రోజు తిన్న చెయ్యే గదా."

జానయ్య నోరు పులుపుతో నిండిపోయింది.

ముందు అతనికి అదేమిటో తెలియలేదు. తర్వాత కాలిన మిరపకాయ పొగ ముక్కు దాకా వచ్చింది. ఆ వాసన తెలుసు. ఇరవై రెండేళ్లు వంటింటి మేకుకి తగిలించిన తన చొక్కాలకి ఉన్న వాసన అదే. రోజూ తొడుక్కుని తిరిగాడు, ఎక్కడిదని అడగలేదు. నువ్వుల కమ్మదనం వచ్చింది. బెల్లం అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేసరికి జానయ్య పెంటమ్మ బండి కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెళ్లాం చేతి వంట మొదటిసారి తిన్నాడు, అదీ ఇంకొకడి నోటితో. ఖమ్మం వాళ్లావిడ లొట్టలు వేస్తూ నీలిరేకుల హోటలు ఎంత దూరమని అడిగింది. ఆమెకి ఆ గది తలుపు తెరుచుకోదని చెప్పాలని జానయ్యకి తోచింది. ఈలోగా మహేందరే దూరం చెప్పేశాడు.

మర్నాడు పొద్దున రాయి దగ్గర ఆగకుండా విజయవాడ బస్సెక్కాడు. మహేందర్ బస్సు కాదు, ఎవరో తెలియని డ్రైవరు నడిపేది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. కావాలనే తినలేదు.

నీలిరేకుల ముందు అప్పటికే ఆరు బస్సులున్నాయి. "ఇరవై నిమిషాలు" అని కేకేసి డ్రైవరు వెనక గదికి పోయాడు. జానయ్య కాళ్లు అలవాటుగా అటే నడిచాయి. గుమ్మంలో రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నతను ఆపాడు.

"బస్సు నంబరు చెప్పు పెద్దాయనా."

"నేను డ్రైవర్నే. ఇరవై రెండేండ్లు గీడ్నే తిన్న."

"ఇయ్యాల ఏ బస్సు తెచ్చినవు?"

ఏ బస్సూ తేలేదు. జానయ్య గోడ వెంట చుట్టూ తిరిగి వెనక్కి పోయాడు. అక్కడ వంటగది కిటికీ ఉంది. లోపల యాదలక్ష్మి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పెద్ద గుండిగలో గరిటె తిప్పుతోంది. కొంచెం ఒళ్లు చేసింది. లోపలి గదిలోంచి ఎవరో "అమ్మా, ఇంకింత పులుసు!" అని అరిస్తే, "ఒస్తున్న బిడ్డా, పీటలు ఇరగ్గొట్టకుండ్రి" అని నవ్వింది. ఆమె అలా గట్టిగా మాట్లాడడం జానయ్య ఎప్పుడూ వినలేదు.

కిటికీలో నీడ పడితే తిరిగి చూసింది. గరిటె ఆగింది.

"ఎప్పుడొచ్చినవ్?"

"గిప్పుడే."

ఇరవై రెండేళ్ల అలవాటు ఆమె నోట్లోంచి దానంతట అదే వచ్చింది. "తిన్నవా?"

"తినలే."

ఆ మాట ఆమె అతని నోట ఎప్పుడూ వినలేదు. గుండిగ వైపు చూసింది. అందులో పచ్చిపులుసు ఉంది, నువ్వుల పొడి పైన తేలుతోంది. గోడ మీద యజమాని రాయించి అంటించిన కాగితం వైపు చూసింది. బస్సు తెచ్చిన వాళ్లకే ఈ గదిలో వడ్డన అని పెద్ద అక్షరాలతో ఉంది. ఒక గరిటెడు పోస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె చెయ్యి కొంచెం కదిలింది కూడా. లోపల్నుంచి మళ్లీ పులుసు కోసం కేక వచ్చింది. ఆకలితో, సమయానికి, ఆమెని పిలుస్తూ వస్తున్న కేక.

"ముందు హాల్ల కూపన్ తీస్కో" అంది యాదలక్ష్మి. "జల్ది తిను, బస్సు పోతది."

బకెట్టు తీసుకుని డ్రైవర్ల గదిలోకి వెళ్లిపోయింది.

జానయ్య హాల్లో కూపన్ తీసుకుని, ఏడు బస్సుల జనంలో ఒకడుగా కూర్చున్నాడు. పప్పు నీళ్లలా ఉంది. కూరలో ఆలుగడ్డ ఉడకలేదు. చుట్టూ అందరూ మాట్లాడకుండా తింటున్నారు. వీళ్లలో ఎందరిని తానిక్కడికి పంపాడో, ఇప్పుడు ఎందరిని యాదలక్ష్మి చేతి పులుసు తెస్తోందో అతను అనుకోకుండా ఉండలేకపోయాడు. ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు. బాగోలేకపోయినా బతుకులో మొదటిసారి ప్రతి ముద్దనీ పట్టించుకుని తిన్న భోజనం అది.

ఆ తర్వాత జానయ్య రాయి మీద కూర్చోలేదు. ఒకసారి సాధన బలవంతం చేస్తే కూర్చుని హాలు భోజనం గురించి చెప్పాడు. విన్నవాళ్లు పక్కకు పోయి ఉమ్మారు. ఆ వారం నీలిరేకుల దగ్గర కొందరు బస్సు దిగలేదు గానీ, బస్సులు ఆగడం మాత్రం ఆగలేదు. ఎక్కడ ఆపాలో నిర్ణయించేది వెనక గదిలో తినేవాళ్లు కదా.

ఇప్పుడు రాయి మహేందర్‌ది. రోజు విడిచి రోజు మధ్యాహ్నం మూడింటికి బస్సు వచ్చేసరికి జానయ్య దాని ఎదురుగా నిలబడి ఉంటాడు. పొద్దున్నుంచి ఏమీ తినడు.

"ఏం పెట్టింది ఇయ్యాల?" అని అడుగుతాడు.

"ఆగు కాక, కూసోనియ్యి" అని మహేందర్ నవ్వుతూ కూర్చుని మొదలుపెడతాడు. పుంటికూర పప్పు, ఎండుచేపల పులుసు, ఒక్కోరోజు పచ్చిపులుసు. మహేందర్ కడుపునిండా తిని వచ్చిన మనిషి, తొందరగా ముగించేస్తాడు. "మారు పోయించుకున్నవా?" అని జానయ్య రెట్టిస్తాడు. పోయించుకున్నానంటే, అది కూడా చెప్పమంటాడు. కళ్లు మూసుకుని, దవడలు కదుపుతూ, ఆఖరున బెల్లం వచ్చేదాకా కదలకుండా నిలబడతాడు. చొక్కా మెడ దగ్గర బాగా వదులైపోయింది.

మహేందర్ లేచి వెళ్లిపోయాక పెంటమ్మ గ్లాసులు కడుగుతూ అడుగుతుంది.

"అన్నా, తిన్నవా?"

"తిన్న" అంటాడు జానయ్య.